పావుగంట వంట

కొన్నేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉన్నప్పుడు, మా పక్క వాటాలో పెరూ దేశానికి చెందిన ఒక పెద్దావిడ ఉండేవారు. పుట్టిందీ పెరిగిందీ లిమా నగరంలో. సాయంత్రం ఆవిడ పని నుండి వచ్చి తలుపు తీసిన చప్పుడు వినబడిన పావుగంటకల్లా గోడ దాటి ఒక వాసన వచ్చేది. బాగా కాగిన మూకుడులో మాంసం పడినప్పటి వాసన, దాని వెనుకే ఉల్లిపాయ, ఆ వెనుక ఒక ఘాటైన పులుపు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను, ఏమి వండుతారమ్మా మీరు అని.

"తయారీన్ సల్తాదో" అన్నారు.

మన 'తయారీ'కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. తయారీన్ అంటే పొడుగాటి గోధుమ నూడుల్స్. ఇటలీ వారి తాల్యరీని అన్న మాటకు స్పానిష్ రూపం. సల్తాదో అంటే ఎగిరించినది. స్టేక్‌గా కాల్చుకుని తినే మాంసపు ముక్కనే పేలికలుగా కోసి, నూడుల్స్‌తో కలిపి మూకుడులో ఎగరేసే వంట. లిమాలో పనిరోజుల్లో మామూలు ఇళ్ళలో వండుకునే వంట. పండగ వంటా కాదు, పెద్దల వంటా కాదు. ఆకలి మీద ఇంటికి వచ్చిన మనిషి బట్టలు మార్చుకునే లోపల అయిపోయే వంట. నాకు ఆ మాంసం అలవాటు లేదని చెబితే, దానికేముంది అని కోడిమాంసంతో చేసిపెట్టారు. ఆవిడ చేతి వంట చూస్తూ నిలుచున్నప్పుడు మొదలైన కుతూహలమే ఈ వ్యాసం.

చేసే తీరు ముందుగా చెప్పాలి, ఎందుకంటే చరిత్ర చాలావరకు అందులోనే దాగి ఉంది. ఒక పొయ్యి మీద నూడుల్స్ ఉడుకుతుంటాయి. రెండో పొయ్యి మీద మూకుడులో నూనె పొగలు వచ్చేదాకా కాగుతుంది. మెత్తటి నడుము భాగపు గొడ్డుమాంసాన్ని నారకు అడ్డంగా, చిటికెన వేలంత పేలికలుగా కోసి, ఉప్పూ మిరియాలూ పట్టించి, కొద్దికొద్దిగా వేయాలి. ఒక్కసారే వేశామా, మూకుడు చల్లారిపోయి, మాంసం నీరు వదిలి, వేగవలసింది ఉడికిపోతుంది. నిమిషం, రెండు నిమిషాలు. తీసి పక్కన పెట్టాలి. అదే మూకుడులో లావుగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ, పెరూ వారి పసుపుపచ్చ మిరపకాయ, అల్లం, వెల్లుల్లి. చివరికి టమాటా, అది వేడెక్కాలి గాని కరగరాదు. అంచు వెంట కాస్త వెనిగర్, కాస్త సోయా సాస్ పోసి, అవి చుర్రుమన్న క్షణంలోనే మాంసాన్నీ నూడుల్స్‌నూ వేసి రెండు మూడు మార్లు ఎగరేసి దించెయ్యాలి. పైన కొత్తిమీర. కోయడానికి పట్టిన సమయంలో సగం కూడా నిప్పు మీద పట్టదు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. కత్తిపని ఎక్కువ, నిప్పుపని తక్కువ: ఇది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వంట పద్ధతి. జనం కిక్కిరిసి, అడవులు తరిగిపోయి, వంటచెరకు కరువైన నేల అది. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా ఉడుకుతుంది, పుల్లలు మిగులుతాయి. ఇవాళ మనం 'తొందర వంట' అని మురిసిపోయే దాని మూలం తీరిక లేకపోవడం కాదు, కట్టెలు లేకపోవడం.

పద్ధతి చైనాదే. కాని ఆ పల్లెల్లో గొడ్డుమాంసం తినడం అరుదు. ఎద్దు దున్నే పశువు. దున్నే పశువును కోయడం తప్పని వారి పెద్దలూ చెప్పారు, చింగ్ వంశపు రాజ్యంలో చట్టాలూ అడ్డు చెప్పాయి. పంది, కోడి, బాతు, చేప: వాటితోనే వారి కూర. (మన పల్లెల్లో కూడా ఈ విషయంలో ఎవరు ఏమి తింటారు, ఎవరు తినరు, తిన్నవారిని ఊరి చివర ఎందుకు ఉంచారు అన్నది పెద్ద కథే, దాన్ని ఇక్కడ ఇరికించను.) పెరూలో మాత్రం పదహారవ శతాబ్దంలో స్పెయిన్ వారు తెచ్చిన పశువులు మందలుగా పెరిగాయి. అంటే ఈ వంట గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టడానికి మాంసం లేదు, లిమాలో పుట్టడానికి పద్ధతి లేదు. పద్ధతి తెలిసిన చేతులు పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి మాంసం ఉన్న చోటికి రావలసి వచ్చింది. ఎలా వచ్చాయన్నదే అసలు కథ.

పెరూ తీరానికి కొద్ది దూరంలో చించా దీవులని ఉన్నాయి. అక్కడ వాన దాదాపుగా కురవదు. అందుచేత సముద్రపక్షుల రెట్ట వేల ఏళ్ళుగా పేరుకుని కొండలై నిలిచింది. దానినే గ్వానో అంటారు. 1840ల నుండి ఐరోపా రైతులు ఈ ఎరువు కోసం ఎగబడ్డారు. పెరూ ప్రభుత్వ ఖజానా ఆ రెట్టతోనే నిండింది. తవ్వేందుకు మనుషులు కావాలి. తీరం వెంట చెరకు, పత్తి పండించే పెద్ద భూస్వాముల కమతాలకూ మనుషులు కావాలి. వాటిని హసియెండాలంటారు. అప్పటిదాకా ఆ పని చేసినవారు ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు. బానిసల వ్యాపారం మూతపడుతున్నది, ఉన్నవారు ముసలివారవుతున్నారు. 1849 నవంబరులో పెరూ శాసనసభ ఒక చట్టం చేసింది. విదేశీ పనివారిని తెచ్చినవారికి తలకు ఇంత అని బహుమానం. పేరుకు అందరు విదేశీయులకూ వర్తించే చట్టమే గాని జనం దాన్ని 'చైనా చట్టం' అనే పిలిచారు. చట్టానికి నెల ముందే, ఆ అక్టోబరులో, మొదటి 75 మంది చైనా కూలీలు కయ్యావో రేవులో దిగారు. తెప్పించినవాడు దొమింగో ఎలియాస్ అనే భూస్వామి. చట్టం ఇచ్చిన గుత్తహక్కులో పెద్ద వాటా కూడా ఆయనదే.

1854లో రాష్ట్రపతి రమోన్ కస్తీయా బానిసత్వాన్ని రద్దు చేశాడు. మంచి పనే. అయితే పరిహారం ముట్టింది బానిసలకు కాదు, యజమానులకు. తలకు 300 పెసోల చొప్పున, దాదాపు 25 వేల మందికి. ఆ డబ్బు గ్వానో అమ్మిన డబ్బు. ఆ డబ్బుతో యజమానులలో చాలామంది చేసిన పని చైనా కూలీలను కొనుక్కోవడం. 1856లో ఈ దిగుమతిని ఆపారు. 1861లో మళ్ళీ తెరిచారు. 1849 నుండి 1874 వరకు పాతికేళ్ళలో దాదాపు లక్షమంది, ఎక్కువగా మకావ్ రేవు నుండి, పెరూ చేరారు. చేరనివారి లెక్క వేరు. కొన్ని ఓడల్లో ఎక్కినవారిలో మూడోవంతు దారిలోనే పోయారు.

వచ్చినవారి చేతిలో ఒక ఒప్పందపు కాగితం ఉండేది, చైనా భాషలో ఒకటి, స్పానిష్‌లో ఒకటి. ఎనిమిదేళ్ళ పని. నెలకు నాలుగు పెసోలు. ఏడాదికి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. రోజుకు ఒకటిన్నర పౌన్ల బియ్యం. ఈ బియ్యం మాట గుర్తుపెట్టుకోవాలి. కాగితం అమ్ముడుపోయేది, దానితోబాటే మనిషీను. రాత్రిళ్ళు తాళం వేసిన పొడుగాటి కొట్టాలలో పడుకోబెట్టేవారు. వాటిలో అంతకు ముందు పడుకున్నవారు బానిసలు. అప్పు, జరిమానా, జబ్బుపడిన రోజులు అన్నీ కలిపి ఎనిమిదేళ్ళు పదీ పన్నెండూ అయ్యేవి. చించా దీవులలో పని చేసినవారి కళ్ళలో, ఊపిరితిత్తులలో ఆ రెట్ట దుమ్ము నిండేది. కొండ మీద నుండి సముద్రంలోకి దూకి చనిపోయిన వారి గురించి ఆ దారిన వెళ్ళిన ప్రయాణికులు రాశారు.

'కూలీ' అన్న మాట ఇక్కడ ఒక తెలుగువాడి చెవికి గుచ్చుకుంటుంది. ఆ మాట తమిళ, తెలుగుల 'కూలి' నుండి వచ్చిందని కొందరు, గుజరాత్ కోలీ కులం పేరు నుండి వచ్చిందని మరికొందరు అంటారు. ఎటునుండి వచ్చినా మన దేశంలో పుట్టిన మాటతోనే చైనా మనుషులను దక్షిణ అమెరికాలో అమ్మారు. అదే రోజుల్లో మనవారినీ ఇలాంటి కాగితాలతోనే ఓడలెక్కించారు. ఆంగ్లేయుల ఏలుబడిలో బానిసత్వం రద్దయిన 1834 నుండే మారిషస్‌కు. 1860 అక్టోబరులో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడలో దక్షిణ ఆఫ్రికాలోని నటాల్‌కు. 1903 నుండి మద్రాసు మీదుగా ఫిజీకి. విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల వారు వాటిలో ఎందరో. కాగితాన్ని వారు 'గిరిమిట్' అన్నారు. అక్కడ ఐదేళ్ళు, ఇక్కడ ఎనిమిదేళ్ళు. తేడా అంకెలో ఉంది. ఇంకొక తేడా కూడా ఉంది. మన ఓడల్లో తక్కువగానైనా స్త్రీలుండేవారు. పెరూ వెళ్ళిన ఓడల్లో దాదాపుగా అందరూ మగవారే.

దీని ఫలితం వంటింట్లో కనబడుతుంది. కొట్టాలలో బియ్యం వండుకున్నది మగవారే. ఒప్పందం తీరి బయటపడినవారు కొందరు లిమా చేరి, నడివీథి బజారు దగ్గర చిన్న చిన్న పూటకూళ్ళు పెట్టుకున్నారు. స్పానిష్‌లో వాటిని ఫోండాలనేవారు. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, ఒక మూకుడు. తినడానికి వచ్చేవారు రేవు కూలీలు, బండ్లవారు, చాకలివారు. వారికి చవకగా కావాలి, వెంటనే కావాలి, ఊరి రుచి ఉండాలి. మరికొందరు చైనావారు ధనికుల ఇళ్ళలో వంటవారుగా కుదిరారు. ఇంకెందరో నల్లవారి ఆడపిల్లలను, కొండప్రాంతపు ఆడపిల్లలను పెళ్ళాడి కాపురాలు పెట్టారు. ఇలాంటి ఇళ్ళలో మిరపకాయ ఆమెది, మూకుడు అతనిది. గొడ్డుమాంసాన్ని ఉల్లిపాయతో, టమాటాతో, వెనిగర్‌తో వండుకోవడం ఆ ఊళ్ళో కొత్త కాదు. దానికి ఎగరేసే మంట, సోయా సాస్ తోడై లోమో సల్తాదో అనే వంటకం పుట్టింది. ఏ ఏడాదిలో, ఎవరి చేత అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఇలాంటివి వందల ఇళ్ళలో ఒక్కమారే పుడతాయి. అన్నంతో వడ్డిస్తే లోమో సల్తాదో, పక్కన వేయించిన బంగాళాదుంపలు కూడా ఉంటాయి. నూడుల్స్‌తో ఎగరేస్తే తయారీన్ సల్తాదో. ఒకే కంచంలో అన్నమూ బంగాళాదుంపా చూసి మొదట నాకు నవ్వొచ్చింది. తరువాత లెక్క తెలిసింది: దుంప ఆండీస్ కొండలది, అన్నం ఒప్పందపు కాగితంలోని ఒకటిన్నర పౌన్లది.

1872లో ఈ వ్యాపారానికి అనుకోని చోట దెబ్బ తగిలింది. మకావ్ నుండి కయ్యావోకు పోతున్న మరియా లూస్ అనే పెరూ ఓడ తుఫానులో దెబ్బతిని జపానులోని యోకొహామా రేవుకు చేరింది. రాత్రివేళ ఒక కూలీ నీళ్ళలో దూకి, ఈదుకుంటూ వెళ్ళి ఒక ఆంగ్లేయ యుద్ధనౌకను పట్టుకున్నాడు. విచారణ జరిపిన జపాను న్యాయస్థానం ఓడలోని 230 మందికి పైగా కూలీలను విడుదల చేసి చైనాకు పంపించింది. పెరూ అభ్యంతరం చెబితే తగవు రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ దగ్గరకు వెళ్ళింది. 1875లో ఆయన జపాను చేసినది సరేనన్నాడు. ఆ దూకినవాడి సాహసం వల్లనే వ్యాపారం ఆగిపోయిందనడం అతిశయోక్తి. కాని ఆ గొడవ లోకానికి తెలియడం, మకావ్‌లో పోర్చుగీసువారు 1874లో రేవు మూయడం, అదే ఏడు చైనాతో పెరూ సంధి చేసుకోవడం ఒకదాని వెంట ఒకటిగా జరిగాయి.

ఓడలు ఆగిపోయినంత మాత్రాన కష్టాలు ఆగలేదు. 1870లోనే పతివీల్కా లోయలో వెయ్యిమందికి పైగా కూలీలు ముఖాలకు రంగులు పూసుకుని తిరగబడ్డారు, అణిచివేశారు. 1879లో చిలీతో యుద్ధం వచ్చింది. 1881 జనవరిలో లిమా పతనమైన రోజుల్లో అల్లరిమూకలు చైనావారి అంగళ్ళను దోచి, కాల్చి, చాలామందిని చంపారు. దోచినవారిలో ఆ ఫోండాలలో భోజనం చేసినవారు ఉండి ఉండరని ఎలా అనుకోగలం?

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా తొలిచేది 1909వ సంవత్సరం. లిమాలో బజారును ఆనుకుని ఉన్న కపోన్ వీథి చుట్టుపక్కల చైనావారు ఎక్కువగా ఉండేవారు. అక్కడ ఒతాయిసా అనే ఇరుకైన పేట ఉండేది. ఆ ఏడు మే నెలలో చైనావారి మీద అల్లర్లు చెలరేగాయి. నగరాధ్యక్షుడు గియేర్మో బిల్లింగ్‌హర్స్ట్ ఆ పేట ఆరోగ్యానికి హానికరమంటూ నేలమట్టం చేయించాడు. అదే ఏడు చైనానుండి కొత్తవారి రాకను కట్టడి చేస్తూ ఒడంబడిక కుదిరింది. పన్నెండేళ్ళు గడిచాయి. 1921లో అదే కపోన్ వీథిలో క్వాంగ్ తాంగ్ అనే పెద్ద భోజనశాల వెలిసిందని, చీఫా అని పేరు పొందిన భోజనశాలల్లో అదే మొదటిదని చెబుతారు. అక్కడికి వచ్చినవారు రేవు కూలీలు కాదు, లిమా పెద్దమనుషులు, వారి కుటుంబాలు. మనుషులు కూడదన్న వీథికే వంట కోసం బారులు తీరారు. ఇళ్ళు కూల్చిన జనమూ, బల్లల ముందు కూర్చున్న జనమూ ఒక తరం వారే.

చీఫా అన్న మాట కూడా వినదగ్గది. అన్నం తినమని చైనా భాషలో పిలిచే 'చి ఫాన్' అన్న పిలుపును లిమా జనం విని, అదే ఆ కొట్టు పేరనుకున్నారని కథ. మనం కూడా మనిషి కనబడగానే అన్నం తిన్నావా అనే అడుగుతాం, తినేది ఏదైనా. ఇవాళ లిమాలో చీఫా లేని పేట ఉండదు.

నూడుల్స్ సంగతి వదిలేశాను. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఇటలీలోని జెనోవా ప్రాంతం నుండి చాలామంది లిమా, కయ్యావోలకు వచ్చి వీథి చివరి కిరాణా కొట్లు పెట్టుకున్నారు. వారు తమ ఇష్టంతో, తమ ఖర్చుతో వచ్చినవారు. వారికి ఎవరూ తాళాలు వేయలేదు. తులసి జాతి ఆకుతో నూరే తమ ఊరి పచ్చటి ముద్దలో ఇక్కడ పాలకూర, పచ్చి జున్ను కలిపి, నూడుల్స్‌కు పట్టించి, పక్కన పలుచటి స్టేక్ ముక్క పెట్టి వడ్డించడం లిమాలో మరొక ఇంటి వంట అయింది. ఆ మాంసపు ముక్కను బిస్తెక్ అంటారు. ఇంగ్లీషు వారి 'బీఫ్‌స్టేక్' నాలుక మారితే అయిన మాట. మా పక్కింటావిడ ఆదివారాలు ఇది చేసేవారు, పనిరోజుల్లో సల్తాదో. ఆవిడ సల్తాదోలో వేసినవి కూడా ఇటలీ తరహా స్పగెట్టీయే. చైనావారి గుడ్డు నూడుల్స్ దొరికితే వేస్తారు, లేకుంటే ఉన్నవి. ఇక మిరపకాయ ఆ ప్రాంతాలదే. పోర్చుగీసు ఓడల మీద మన గుంటూరు దాకా వచ్చిన దాని దాయాది.

ఉంబెర్తో రోద్రీగెస్ పాస్తోర్ అనే చరిత్రకారుడు హసియెండాల పాత కాగితాలు తిరగేసి ఈ కూలీల బతుకులను వెలికితీశాడు. వారి మీద పని చేసేవారందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: పేర్లు. జ్ఞానస్నానం చేయించినప్పుడు వారికి స్పానిష్ పేరు పెట్టేవారు. ఇంటిపేరు చాలాసార్లు దొరదో, జ్ఞానపితదో. అందుచేత ఇవాళ పెరూలో చైనా రక్తం ఉండి ఆ సంగతి తమకే తెలియనివారు ఎందరో. పేరు పోయింది, భాష పోయింది, పూర్వీకుడు ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. వంటింటి మాటలు మాత్రం కొన్ని మిగిలాయి. సోయా సాస్‌ను స్పానిష్ మాట్లాడే ఇతర దేశాలవారు సోయా పేరుతోనే పిలుస్తారు; పెరూలో దాని పేరు సియావో, కాంటనీస్ మాట.

నేను ఆ ఊరు వదిలి వచ్చేముందు ఆవిడ మరోమారు తయారీన్ సల్తాదో చేసిపెట్టారు. మీ పెద్దలలో చైనావారు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరన్నారు, మావి అన్నీ స్పానిష్ పేర్లే కదా అన్నారు. అమ్మమ్మ తల్లి కళ్ళు కాస్త చిన్నవని ఇంట్లో ఎగతాళిగా 'చీనా' అనేవారట, అంతే. అల్లం కొమ్ము తొక్క గీరుతున్నారు. దీన్ని స్పానిష్‌లో ఏమంటారని అడిగాను.

"కియోన్" అన్నారు.

స్పానిష్‌లో దీన్ని హెంహీబ్రె అంటారు, కియోన్ కాంటనీస్ మాట కదా అన్నాను. ఆవిడ చేతిపని ఆపి నవ్వారు. "మా అమ్మమ్మ కియోన్ అనే అనేది. మా అమ్మమ్మకు స్పానిష్ తప్ప మరో భాష రాదు" అని, ముక్కలు మూకుడులో వేశారు.